టికెట్టు కొన్నవాడి తిట్లు

ఉన్న ఒక్క జట్టునూ సాగనంపిన మా ఊరికి ఇప్పుడు రెండు జట్లు వస్తున్నాయట. ఒకటి వాలీబాల్‌ది, ఒకటి క్రికెట్‌ది. రెండు నెలల కిందట ఒక పొద్దున టీ అంగట్లో ఒకాయన పేపరు పట్టుకుని ఈ కబురు అందరికీ వినిపించాడు. పక్కాయన వెంటనే, "రానీప్పా, తిరప్తికేం తక్కువ? దినామూ ఎంతమంది దిగతా ఉండారు రైలు!" అన్నాడు. మూడో ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. "ఆ ఆఫీసులో మనోడెవురన్నా ఉండాడా? పాసులు దొరకతాయా?" అని అడిగాడు. జట్టుకు ఇంకా పేరు పెట్టలేదు, ఆటగాళ్ళెవరో తెలీదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నాకు ఒళ్ళు మండింది. మా వీధి పెద్దాయన ఉండి ఉంటే టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి, ఆ ముగ్గురి తలలూ ఒకసారి పరీక్షగా చూసి, చురుక్కుమనేలా ఏదో ఒకటి అనేవాడు. ఆయన పోయి నాలుగు నెలలైంది. అనాల్సింది నేనే. కానీ నేను ఏమీ అనలేదు, టీ తాగి వచ్చేశాను. ఎందుకు అనలేకపోయానో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

ఆయన మనుషుల ముఖాలు చూసేవాడు కాదు, ముందు తలలు చూసేవాడు. అందుకు తప్పు పట్టడానికీ లేదు. కొండ మీద కల్యాణకట్టలో ముప్పై ఏళ్ళకు పైగా గుండ్లు చేసి రిటైరైన క్షురకుడు. మా వీధి చివరి ఇల్లు ఆయనది. నేను కాలేజీలో తెలుగు చెబుతాను కాబట్టి నన్ను "అయివోరా" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ణి. మొదటిసారి కలిసినప్పుడు నా పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. నా వెనక్కి వచ్చి నిలబడి, "మీకు రెండు సుళ్ళుండాయి, ఎవురన్నా చెప్పినారా?" అన్నాడు. రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళంటారు. మా ఆవిడ పక్కనే ఉంది. ఆ పూట నాకు కాఫీ కొంచెం ఆలస్యంగా వచ్చింది.

సుడి చూసి మనిషిని పోల్చేవాడు. బజారులో మాకు ముందు నలుగురు నడుస్తుంటే, "ఆ మూడోవాడు మన పాలాయన తమ్ముడు" అనేవాడు. తీరా దాటుకుని వెళ్ళి చూస్తే అతనే. ఊరివాడెవడో, యాత్రకు వచ్చినవాడెవడో ఆయనకు గడప దాటకుండానే తెలిసిపోయేది. "నున్నటి గుండు, సెవి ఎనక గందం ఆరలేదంటే వాడు మాపటి రైలుకు పోయేటోడు. వాణ్ణి మన లెక్కలోకి తీసుకోబాక" అనేవాడు. ఆ మాటను ఊళ్ళో పెద్దలు విని ఉంటే చాలా శ్రమ తప్పేది.

కుడిచేతి ఉంగరపు వేలు వంకర. వయసులో ఉన్నప్పుడు వడమాలపేటలో ఆటాడుతూ ఎవరి మడమో పట్టుకున్నాడట. వాడు గుంజుకున్నా ఈయన వదల్లేదు, వేలు విరిగింది. ఆ వేలు అలాగే పెట్టుకుని ముప్పై ఏళ్ళు కత్తి పట్టాడు. కబడ్డీ అనే మాట ఆయన నోట నేను వినలేదు. సడుగుడు అనేవాడు.

మూడేళ్ళ కిందట రాష్ట్రంలో ఊరికో కబడ్డీ జట్టు పెట్టి ఒక లీగు మొదలుపెట్టారు. మా ఊరికీ ఒక జట్టు వచ్చింది. దాని యజమాని చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే పెద్దమనిషి. ఆటగాళ్ళందరికీ జీతాలు, రంగు రంగుల బనీన్లు, కింద చాపలు, పైన లైట్లు. మా పెద్దాయన మొదటి మ్యాచికి వెళ్ళినప్పుడు గేటు దగ్గర టికెట్లు చించేది ఆయన మేనల్లుడే. "మామా, నీకెందుకు టికెట్టు, రా లోపలికి" అన్నాడట. ఆయన లోపలికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, వరసలో నిలబడి, టికెట్టు కొని తెచ్చి, "సించు" అని చేతికిచ్చాడు.

తర్వాత ఆ సగం ముక్కను చొక్కా జేబులో పైకి కనిపించేలా పెట్టుకుని అన్నిటికంటే పై వరసలో కూర్చునేవాడు. అక్కడైతే అందరి తలలూ కనబడతాయి. కూర్చున్నాక తిట్లు మొదలయ్యేవి. ఎదుటి జట్టును కాదు, మనవాళ్ళనే.

"ఒరేయ్, కూతకు పొమ్మంటే కునుకు తీస్తావేందిరా!"

"గీత దాటితే మీయమ్మ కొడతాదా?"

"పట్టుకోరా అంటే దండం పెడతా ఉండావేంది, వాడేమన్నా ఉత్సవ విగ్రహమా!"

ఆయన గొంతు హాలంతా వినబడేది. జనం నవ్వేవాళ్ళు. విచిత్రమేమిటంటే ఆటగాళ్ళకు కోపం వచ్చేది కాదు. సత్యవేడు నుంచి వచ్చే రైడర్ ఒకతనున్నాడు. ఊళ్ళో నాలుగెకరాల వేరుశనగ చేను చూసుకుంటూ ఆడేవాడు. అతను కూతకు వెళ్ళే ముందు పై వరస వైపు ఒకసారి చూసేవాడు. "ఆ పెద్దాయన తిట్టకపోతే కాళ్ళు లేవవు సార్" అని నాతోనే అన్నాడు.

యజమానికి మాత్రం కోపం వచ్చింది. మూడో మ్యాచికి స్వయంగా మెట్లెక్కి పైకి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏం పెద్దాయనా, మనవాళ్ళను మనమే తిట్టుకుంటే ఎట్లా?"

ఆయన జేబులో సగం ముక్క తీసి చూపించాడు. "నేను టికెట్టు కొన్నా. నా జట్టును నేను తిడతా. మీరెవురు?"

"నేను ఓనర్ని."

"అట్లనా. అయితే మీరూ ఒక టికెట్టు కొనండి సార్. మీరూ తిట్టొచ్చు."

యజమాని ఒక క్షణం బిత్తరపోయి, తర్వాత పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం. ఆయన్ను తన మీటింగులకు కూడా పిలిచేవాడు.

ఈ టికెట్టు పట్టుదల ఏమిటని నేనొకసారి అడిగాను. ఆయన సమాధానానికి సొంత వృత్తినే ఆధారం చేసుకున్నాడు. "అయివోరా, నా ముందర కూసున్నోళ్ళను ఎంతమందిని చూసినానో. కోటీశ్వరుడు గానీ కూలోడు గానీ, జుట్టు ఇచ్చినాక లేసి అద్దంలో ముఖం జూసుకోని ఒక తీరుగా నవ్వుతాడు. సామి ఇప్పుడు నావోడు అన్నట్టు. ఏమన్నా ఇస్తేనే మనదైతాది. ఊరకే వచ్చింది ఊరకే పోతాది."

రెండో ఏడు జనం పలచబడ్డారు. ఒక హోటల్లో మీటింగు పెట్టారు. కరపత్రాలు రాసేది నేను కాబట్టి నన్నూ రమ్మన్నారు. జట్టు మేనేజరు, హైదరాబాదు నుంచి వచ్చిన సన్నపాటి మనిషి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. రోజూ ఊరికి వచ్చే భక్తుల్లో నూటికొక్కరు ఆటకు వచ్చినా హాలు చాలదని, అప్పుడు ఇంకో ఆటకు ఇంకో జట్టు కూడా పెట్టవచ్చని అతని లెక్క. బొమ్మలో జనం చీమల్లా ఉన్నారు. అందరూ తలలూపారు.

మా పెద్దాయన లేచాడు. "సార్, వాళ్ళ తలలు గొరిగినోణ్ణి నేను. కత్తి నెత్తిన ఉండంగానే 'దర్శనానికి ఎంతసేపు పడతాది' అనడగతారు. కొండ దిగినోడికి బస్సు గావాల, సడుగుడు గాదు."

"వాళ్ళు కాకపోతే ఊరివాళ్ళున్నారు కదండీ" అన్నాడు మేనేజరు.

"ఉండారు. అదే గదా రోగం" అని కూర్చున్నాడు.

ఆ రోగం బయటివాళ్ళకు అర్థం కాదు. మా ఊళ్ళో ఇల్లున్న ప్రతివాడికీ పొద్దున లేస్తే ఫోన్లే. గూడూరు నుంచి పినమామ, ఎక్కడినుంచో పెళ్ళిలో ఒక్కసారి కనబడ్డ చుట్టం. "దర్శనానికి ఒక లెటరు ఇప్పించు నాయనా, ఎవురన్నా తెలిసినోళ్ళుంటారు గదా." మేము పోయి ఎవరినో అడుగుతాం, ఆ ఎవరో ఇంకెవరినో అడుగుతాడు. చిన్నప్పటి నుంచీ ఇదే చూసి పెరిగాం. అందువల్ల మాకు ఒక నమ్మకం గట్టిపడిపోయింది. వరసలో నిలబడేవాడు, టికెట్టు కొనేవాడు పరాయివాడు. ఊరివాడికి ఒక మనిషి తెలిసి ఉంటాడు. సినిమా అయినా, ఎగ్జిబిషన్ అయినా, ఆటైనా టికెట్టు కొని వెళ్ళాడంటే పాపం వీడికి ఊళ్ళో ఎవరూ తెలియరన్నమాట. డబ్బులేక కాదు. నగలు కొంటాం, కార్లు కొంటాం. టికెట్టు కొనడం మాత్రం తలవంపులు. ఇలాంటి ఊరు రెండు జట్లను పోషిస్తుందా, మూడింటిని పోషిస్తుందా అని చర్చలు పెడతారు. నాకు నవ్వు రాదు, ఏడుపొస్తుంది.

మీటింగు చివర యజమాని అసలు విషయం చెప్పాడు. వేరే ఊరివాళ్ళు జట్టును తమకిమ్మని అడుగుతున్నారు. ఇంకా ఒక్క మ్యాచి మిగిలి ఉంది ఇక్కడ. దానికి సగం కుర్చీలు టికెట్టు కొన్నవాళ్ళతో నిండితే వచ్చే ఏడూ ఇక్కడే ఉంటాను, లేకపోతే వెళ్ళిపోతాను అన్నాడు. న్యాయమైన మాటే. జట్టు పోతే సత్యవేడు రైడర్ ఆట మానుకోవాల్సిందే. చేను వదిలి అంతదూరం పోలేడు. ఆ సాయంత్రం పెద్దాయనా నేనూ కలిసే ఇంటికి వచ్చాం. మా గేటు దగ్గర ఆగి, "మూడు వారాలుండాది అయివోరా. సగం గావాల, సగమే గదా" అన్నాడు.

ఆయన పద్ధతి చూడండి. ఊళ్ళో ఉన్న సెలూన్లన్నీ తిరిగాడు. సగం అంగళ్ళవాళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. అంగడికో టికెట్ల కట్ట ఇచ్చాడు. "మెడకు గుడ్డ కట్టినాక ఎవుడూ లేసి పారిపోలేడు. సగం గెడ్డం గీసి అప్పుడు అడగండ్రా" అని చెప్పాడు. నేను కరపత్రం రాశాను. "క్రీడాభిమాన మహాశయులారా" అని మొదలుపెట్టాను. ఆయన చదివించుకుని, "మహాశయులు పాసులడగతారు. తీసేయండి" అన్నాడు. చివరికి ఒక్క వాక్యమే మిగిలింది. జట్టు మనదనిపించాలంటే టికెట్టు కొనండి. ఆ వాక్యం ఆయనది. కాగితం మీద పెట్టింది నేను.

మొదటి వారం బాగానే అమ్ముడుపోయాయి. ఆయన సాయంత్రాలు వచ్చి ఏ అంగట్లో ఎన్ని తెగాయో చెప్పేవాడు. నాకు ఒక టికెట్టు తీసి పెట్టానన్నాడు. "మ్యాచి రోజు తీసుకుంటాలే అన్నా" అన్నాను.

మూడో వారం మా కాలేజీ స్టాఫ్ రూముకు ఒక కట్ట వచ్చింది. గులాబీ రంగు పాసులు. హాలు ఖాళీగా ఉంటే టీవీలో బాగుండదని మేనేజరు భయపడి ఊరంతా పంచాడట. ఆఫీసులకు, బ్యాంకులకు, కాలేజీలకు కట్టలు కట్టలు వెళ్ళాయి. సెలూన్లలో ముందు టికెట్టు కొన్నవాళ్ళు కూడా తిరిగి వచ్చి, "పాసు దొరికిందిలేబ్బా, ఇది వాపసు తీసుకో" అన్నారట. పెద్దాయనకు చెప్పడానికి మొహం చెల్లక సెలూన్లవాళ్ళు దాచిపెట్టారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను చేసిందల్లా ఐదు పాసులు తీసుకుని జేబులో పెట్టుకోవడమే. మా ఆవిడకు, పిల్లలకు, బావమరిదికి, నాకు. కరపత్రం రాసిన చేతులే ఇవి. అప్పుడు నాకు తప్పనిపించనే లేదు, అదీ బాధ. ఇన్ని పాసులుండగా టికెట్టు దండగ కదా అనుకున్నాను.

హాలు కిక్కిరిసిపోయింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. నేను పిల్లల్ని కింద కూర్చోబెట్టి పైకి వెళ్ళాను. ఆయన నిలబడి ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు. నా భుజం పట్టుకుని కిందికి చూపించాడు.

"చూడు అయివోరా, చూడు! ఒక్క గుండన్నా ఉండాదా? అన్నీ మనూరి తలకాయలే!"

నేనూ పొంగిపోయాను. ఆయన్ను అంత సంతోషంగా నేను ఎన్నడూ చూడలేదు. "నీకు తీసి పెట్టింది తీసుకోలేదే, ఏ అంగట్లో కొన్నావు? యాదీ, ఇట్లియ్యి" అని చెయ్యి చాపాడు. ఏ సెలూన్ వాడు అమ్మాడో చూసి మెచ్చుకోవాలని.

నేను జేబులోంచి పాసు తీసి ఇచ్చాను. ఇచ్చాక గానీ ఏం ఇచ్చానో నాకు తెలియలేదు.

ఆయన దాన్ని తిప్పి చూశాడు. అడ్డంగా 'ఉచితం' అని అచ్చేసి ఉంది. పక్కన కూర్చున్న అతన్ని, "నీది చూపించప్పా" అని అడిగాడు. గులాబీ రంగు. ముందు వరసలో నలుగుర్ని అడిగాడు. వాళ్ళు నవ్వుతూ తీసి చూపించారు. నలుగురివీ గులాబీ రంగే. నా పాసు నాకు తిరిగి ఇచ్చి కూర్చున్నాడు.

మ్యాచి మొదలైంది. ఆయన తిట్టలేదు. సత్యవేడు అతను కూతకు వెళ్ళేముందు పైకి చూశాడు. మళ్ళీ వెళ్ళేముందు మళ్ళీ చూశాడు. విచిత్రంగా ఆ రోజు మా జట్టు గెలిచింది. హాలంతా ఈలలు. ఆయన చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆట అయ్యాక ఆ రైడర్ చెమటతో పైకి వచ్చి, "ఏం పెద్దాయనా, ఈపొద్దు తిట్టనే లేదే?" అన్నాడు.

"ఊరకే వచ్చిన ఇంతమందిలో ఒక్కడు తిడితే అది తిట్టు గాదు నాయనా, పిచ్చి" అన్నాడాయన.

యజమాని మాట మీద నిలబడ్డాడు. జట్టు వెళ్ళిపోయింది. "ఇంతమంది వచ్చినారు గదా సార్" అని ఊరివాళ్ళు చాలామంది ఆ యజమాని మీద కోపం కూడా పెంచుకున్నారు.

పెద్దాయన నాతో మాట్లాడటం మానలేదు. మానినా బాగుండేది. ఎదురుపడితే "బాగుండారా" అనేవాడు, నా తల వైపు చూసేవాడు కాదు. రెండు నెలలు ఓర్చుకుని ఒక ఆదివారం పొద్దున ఆయన ఇంటికే వెళ్ళాను. జుట్టు కత్తిరించమన్నాను. అంతకుముందు చాలాసార్లు సరదాగా చేసేవాడు, పైసా ముట్టేవాడు కాదు. వసారాలో కుర్చీ వేసి, మెడకు గుడ్డ కట్టి, కత్తెర అందుకున్నాడు. సగం అయ్యాక నేనే అన్నాను, "తప్పయింది అన్నా."

"నాకెందుకు చెప్తావు? ఆ సత్యవేడోడికి చెప్పు."

పని అయ్యాక గుడ్డ దులిపి చెయ్యి చాపాడు. నాకు అర్థం కాలేదు.

"కూలి ఇయ్యి" అన్నాడు. "ఊరకే చేయించుకోవాలని వచ్చినావా?"

ఇచ్చాను. తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఊరంతా చేసిన పనే నేనూ చేశాను, నన్నొక్కణ్ణే ఇలా నిలదీయడమెందుకని. ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకుంటే, జుట్టు ఎన్నడూ లేనంత పొందిగ్గా కుదిరింది.

తర్వాత మామూలుగానే ఉన్నాడు. సుళ్ళ సంగతులు మళ్ళీ చెప్పాడు. జట్టు మాట మాత్రం ఎత్తలేదు. వానాకాలంలో జ్వరమొచ్చి, వారం తిరక్కుండా పోయాడు. ఆ రోజు సత్యవేడు నుంచి ఆ రైడర్ వచ్చాడు. ఇప్పుడు ఏదో కంపెనీకి వ్యాను తోలుతున్నాడట. శవం కాళ్ళ దగ్గర చాలాసేపు నిలబడి, "ఇంగ మమ్మల్ని తిట్టేదెవురు పెద్దాయనా" అని ఏడ్చాడు. "తప్పయింది" అని అతనికి చెబుదామని దగ్గరికి వెళ్ళాను. చెప్పలేదు. వ్యాను టైమైందని అతను వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం వాలీబాల్ జట్టు మొదటి మ్యాచి. అదే హాలు. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. ఇంట్లో పాసులున్నాయి, బావమరిది తెచ్చాడు. వాటిని అక్కడే పెట్టి, టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా ముందు వరస లేదు.

"ఒక టికెట్టు ఇయ్యప్పా" అన్నాను.

లోపలున్నతను తలెత్తి చూశాడు. "టికెట్లు అచ్చు కొట్టియ్యలేదు సార్. ఎవురు కొంటారని?" ఒక గులాబీ రంగు కాగితం ముందుకు తోశాడు. "పాసు తీసుకోండి."

"నాకు పాసు వద్దు. కొనాలి."

అతను నన్ను జాలిగా చూశాడు. "ఏం సార్, మీకు ఈ ఊళ్ళో ఎవురూ తెలీదా?"

ఒకాయన తెలుసు, పోయాడు అని చెబుదామనుకున్నాను. వెనకనుంచి పాసుల కోసం వచ్చినవాళ్ళెవరో తోస్తున్నారు. పాసు తీసుకుని లోపలికి వెళ్ళి, పై వరసలో కూర్చున్నాను. కింద అన్నీ మనూరి తలకాయలే. మైకులో ఎవరో చప్పట్లు కొట్టమంటే కొడుతున్నారు. మా జట్టు చాలా ఘోరంగా ఆడుతోంది. తేలిగ్గా అందాల్సిన బంతిని ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నేల మీద పడనిచ్చారు. ఆ పడిన బంతినే నవ్వుకుంటూ చూస్తున్నారు.

ఆయన మాటే, ఆయన గొంతులోనే, నా నోటి దాకా వచ్చింది. లేచి నిలబడ్డాను కూడా. చేతిలో గులాబీ రంగు పాసు ఉంది. మళ్ళీ నోరు మూసుకుని కూర్చున్నాను.